అయిదు హెచ్చు

తప్పు రాసిన పలక తుడవవద్దని చెప్పేసరికి పిల్లలకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బుద్ధెరిగిన నాటి నుంచీ వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటే. లెక్క తప్పిందని తెలిసిన మరుక్షణం పలక మీద ఇంత ఉమ్మేసి, అరచేత్తోనో చొక్కా కొసతోనో రుద్దేయాలి. తప్పు కంటికి కనబడకపోతే ఇక తప్పెక్కడిది? యుద్ధం పుణ్యమా అని కాగితం కరువై, నోటుపుస్తకాల్లో రాయవలసిన పెద్ద పిల్లలు కూడా మళ్ళీ పలకల మీదికే వచ్చారు కాబట్టి ఈ ఉమ్మి తుడుపులో అందరూ సిద్ధహస్తులే. అట్లాంటివాళ్ళతో ఆ సోమవారం పొద్దున భాగీరథమ్మ, "రాసింది రాసినట్టే ఉండనీండి. తప్పయినా సరే. పలకలన్నీ తెచ్చి గోడకు ఆనించండి" అంది. వెనక వరసలో కెంపమ్మ అప్పటికే నోట్లో ఊరించుకున్న ఉమ్మిని గుటుక్కున మింగింది.

"కొడతారేమో" అని ఎవరో గొణిగారు.

"కొట్టను. చూసుకుంటాను, అంతే" అంది భాగీరథమ్మ.

కబ్బన్‌పేటలో మగ్గాల సందు మొగలో ఉన్న కన్నడ బడి అది. పొడుగాటి గదిలో కిటికీ వైపు మూడో తరగతి, గోడ వైపు నాలుగో తరగతి, రెండూ భాగీరథమ్మవే. పిల్లల్లో సగం మంది కన్నడ ఇళ్ళవాళ్ళు, సగం మంది తరతరాలుగా ఆ పేటలోనే పట్టు నేసుకుని బతుకుతున్న తెలుగు ఇళ్ళవాళ్ళు. భాగీరథమ్మదీ తెలుగిల్లే. అయితే హెడ్‌మాస్టరు గోపాలప్ప పెట్టిన కట్టుబాటు ఒకటుంది, గడప దాటి లోపలికి వచ్చాక కన్నడం తప్ప మరో మాట వినబడకూడదని. గోపాలప్ప ఇంట్లో మాట్లాడేదీ తెలుగే కావడం అందులో వింత. రోజూ చెప్పులతో పాటు తెలుగునూ గుమ్మం బయట విడిచి రావడం భాగీరథమ్మకు ఎంత అలవాటైపోయిందంటే, విడుస్తున్నట్టు కూడా ఆమెకు తెలియడం మానేసింది.

పాఠం చెప్పడం అయ్యాక "అర్థమయిందా?" అని అడుగుతుంది. "ఆయ్తమ్మా", అంటే అయిందమ్మా, అని గది దద్దరిల్లేట్టు అందరూ ఒకే గొంతుతో అరుస్తారు. అర్థం కానివాళ్ళు ఇంకాస్త గట్టిగా అరుస్తారు. ఒక్కరంటే ఒక్కరు లేచి "నాకు కాలేదమ్మా" అంటే వినాలని ఆమెకు ఎన్నేళ్ళుగానో కోరిక. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. నగలు కోరుకునేవాళ్ళు నగలు కోరుకుంటారు, ఈమె కోరుకునేది ఒక మాట. ఆ అరుపులో కలవని పిల్ల ఒకతె ఉండేది, సొన్నమ్మ. కిటికీ పక్కన కూర్చుని, భాగీరథమ్మ మొహంలోకి చూస్తూ, ఏదో అడగాలని సగం లేచి మళ్ళీ కూర్చునేది. ఆ పిల్ల ఎండాకాలం ముందు జరిగిన పరీక్షలో లెక్కల్లో తప్పింది. మళ్ళీ బడి తెరిచాక రాలేదు. కిటికీ పక్కన ఆ చోటు ఖాళీగా ఉంది. పాఠం చెబుతూ చెబుతూ భాగీరథమ్మ చూపు అటు పోతుంది, అక్కడ ఎవరూ ఉండరు, మనసు కలుక్కుమంటుంది.

పలకలు తుడవవద్దనాలని తోచింది అందుకే. ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. పిల్ల తప్పిందని రాయడమేగాని, ఎక్కడ తప్పిందో తను ఎప్పుడైనా చూసిందా అని ఒక పొద్దున తలంటుకుంటూ ఉండగా తట్టింది. అంతే.

పుస్తకంలో లెక్క ఇది. రంగని దగ్గర ఎనిమిది మామిడిపండ్లు ఉన్నాయి. లక్ష్మి దగ్గర రంగని కంటే అయిదు హెచ్చు. లక్ష్మి దగ్గర ఎన్ని?

భాగీరథమ్మ కొంగు నడుముకు దోపి గోడ వెంట వంగుతూ నడిచింది. పదమూడు, పదమూడు, నలభై, పదమూడు, నలభై, నలభై. ఒకటి రెండు పలకల మీద ఏవో పిచ్చి అంకెలు, ఒకదాని మీద ఏనుగు బొమ్మ. మిగతావన్నీ పదమూడో నలభయ్యో. ఆమె నలభైలన్నీ ఏరి ఒక పక్కకు చేర్చింది. తప్పులంటే చెల్లాచెదురుగా ఉండాలి గదా. ఒకరు పన్నెండంటారు, ఒకరు పద్నాలుగంటారు. ఇంతమంది కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు ఎట్లా చేస్తారు? చూసి రాశారనుకుందామంటే ఆ పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూడా కూర్చోలేదు. పలకల వెనక పేర్లు చదివింది. నలభైలన్నీ మగ్గాల సందువే.

కెంపమ్మను పిలిచి ఎట్లా చేశావని అడిగింది, కన్నడంలోనే. పిల్ల బొటనవేలితో నేల గీరుతూ నిలబడింది. మళ్ళీ అడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భాగీరథమ్మ ఒకసారి గుమ్మం వైపు చూసి, పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని, మెల్లగా అంది.

"ఏమే అమ్మణ్ణీ, ఇది ఎట్ల చేస్తివే?"

పిల్లలంతా తలలు తిప్పి చూశారు. టీచరమ్మ నోట తెలుగు! కెంపమ్మ మొహం మాత్రం విప్పారింది.

"అయిదు ఎచ్చు అని ఉండాది గదమ్మా. ఎచ్చేస్తిని. అయిదెనిమిదులు నలభై."

"మరి లక్ష్మి కాడ జాస్తి ఉండాయా, కమ్మి ఉండాయా?"

"అది నాకేం తెలుసమ్మా. ఎచ్చమంటే ఎచ్చేస్తిని."

భాగీరథమ్మకు సంగతి బోధపడింది. మగ్గాల సందులో అరుగు బడి నడిపే తెలుగు అయ్యవారి దగ్గర అక్షరాలూ ఎక్కాలూ నేర్చి వచ్చే పిల్లలు వీళ్ళు. అక్కడ గుణకారానికి పేరు హెచ్చవేత. ఆరును అయిదుతో హెచ్చవెయ్యరా అంటాడాయన బెత్తం ఆడిస్తూ. ఇక ఇళ్ళల్లో ఎక్కువ అనడానికి ఎవరూ హెచ్చు అనరు, చారులో ఉప్పు జాస్తి, మొగుడికి కోపం జాస్తి, అన్నీ జాస్తే. హెచ్చు అన్న మాట వాళ్ళకు ఒక్క చోటే తెలుసు. కన్నడ పుస్తకం అయిదు ఎక్కువ అంటోంది, ఈ పిల్లలకు అయిదుతో గుణించమని వినబడుతోంది. లెక్క తప్పలేదు. అయిదెనిమిదులు నలభయ్యే.

సొన్నమ్మ పరీక్ష కాగితం ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. కూడికలు, తీసివేతలు, భాగహారాలు అన్నీ సరిగ్గా ఉండి, మాటల లెక్కలు మాత్రం, ఈ మామిడిపండ్ల లెక్కతో సహా, వరసగా తప్పు. ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు కొట్టింది తన చెయ్యే. కొట్టి, తల పట్టుకుని, ఈ పిల్లకేం పోయేకాలం అనుకుంది. పోయేకాలం ఎవరికో ఇప్పుడు తెలిసింది.

*

మధ్యాహ్నం వరండాలో గోపాలప్ప నస్యం పట్టు పట్టి తుమ్ముకోసం ఎదురుచూస్తూ ఉండగా భాగీరథమ్మ వెళ్ళి సంగతంతా చెప్పింది. తుమ్ము రాలేదు. దాంతో ఆయనకు చిరాకేసింది.

"అయితే పుస్తకం తప్పంటావా?" అన్నాడు కన్నడంలో.

"పుస్తకం తప్పు కాదు సార్. పిల్లలూ తప్పు కాదు."

"ఇద్దరూ తప్పు కాకపోతే మార్కులెట్లా పోయినాయమ్మా?"

"మధ్యలో నేనున్నాను గదా సార్."

గోపాలప్ప చెడ్డవాడు కాదు. భయస్థుడు. ఆ వైపు బడులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు శుక్రవారం వస్తాడని కబురొచ్చిన దగ్గర నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. గోడకు ఆనించిన తప్పుల పలకలు చూసి ముందే గుండె జారింది. శుక్రవారం నాటికి అవి కనబడకూడదన్నాడు. రాని పిల్లల పేర్లు గురువారం సాయంత్రానికి హాజరుపట్టీలో కొట్టేయాలన్నాడు. సొన్నమ్మ పేరు కూడానా అని ఆమె అడిగింది.

"రాని పిల్ల రాని పిల్లే గదా. దాని నాయనకు నేను అప్పుడే చెప్పేసినాను, తలలో మట్టి తప్ప ఏమీ లేదని."

"ఆ మట్టి నాది సార్" అంది భాగీరథమ్మ. "శుక్రవారం ఆ పిల్లను తీసుకొస్తాను. ఇన్‌స్పెక్టరుగారినే అడగమనండి. ఆయన ఒప్పుకుంటే నాలుగో తరగతిలో కూర్చోబెడదాం."

"తెస్తే తే. తేకపోతే గీత కొట్టేది నువ్వే" అన్నాడు గోపాలప్ప. అప్పటికి తుమ్ము వచ్చింది.

*

మంగళవారం బడి వదిలాక భాగీరథమ్మ మగ్గాల సందులోకి వెళ్ళింది. సన్నగా జల్లు పడుతోంది. సందు పొడుగునా ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు, ఎవరింటి చప్పుడు ఎవరిదో తెలియకుండా కలిసిపోయి. సొన్నమ్మ తండ్రి పెద్దమునియప్ప ఇంట్లో ముందు గది సగానికి పైగా మగ్గమే. ఆయన మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. గోడవార ఆయన భార్య చౌడమ్మ చిక్కుపడ్డ పోగులు విడదీస్తోంది. తలుపు దగ్గర వెలుతురున్న చోట సొన్నమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. టీచరమ్మను చూసి లేవబోయింది. చేతిలో పోగు తెగుతుందని మళ్ళీ కూర్చుంది.

"రాండమ్మా, కూసోండి" అంది చౌడమ్మ చాప దులుపుతూ.

పెద్దమునియప్ప పోగుల నాడె విసరడం ఆపలేదు. మర్యాద తప్పి కాదు, అంచు పని మధ్యలో ఉంది. అది అయ్యాక చేతులు తుడుచుకుని మాట్లాడాడు.

"ఏమ్మా ఇంత దూరం వస్తిరి? పిల్లను పంపమనా?"

"అవునప్పా."

"మీరే గదమ్మా తప్పిస్తిరి. హెడ్డుమేస్ట్రు నన్ను పిలిచి, మొద్దుపిల్ల, ఇంటికాడ పెట్టుకోమనె. నేను చదువు రానోణ్ణి. పెద్దోళ్ళు చెప్పినాక ఇంకేముండాది? ఇట్ల కండెలు చుట్టుకుంటా ఉండాది."

భాగీరథమ్మ సొన్నమ్మ వైపు తిరిగింది.

"సొన్నా, రంగని కాడ ఎనిమిది మామిడిపండ్లు ఉండాయి. లక్ష్మి కాడ వాని కంటే అయిదు జాస్తి. లక్ష్మి కాడ ఎన్ని?"

"పదమూడు" అంది సొన్నమ్మ రాట్నం ఆపకుండా. ఆ పిల్లకు అదొక లెక్క అని కూడా తోచలేదు.

"అట్లాంటప్పుడు పరీక్షలో నలభై అని ఎందుకు రాస్తివే?"

రాట్నం ఆగింది. పిల్ల కండె మీది పోగు సర్దుతూ అంది.

"నాకూ అనుమానమే అమ్మా. అయిదు జాస్తి అంటే సరిపోతాది గదా, ఇంత ఎందుకొస్తాది అని. కానీ ఇస్కూలు మామిడిపండ్లు అట్లే ఉంటాయేమో అనుకుంటిని."

"అడగొచ్చు గదే నన్ను."

"అడగాలని లేస్తాను అమ్మా. అందరూ ఆయ్తు అంటారు. మళ్ళా కూసుంటాను."

భాగీరథమ్మ ఎన్నేళ్ళుగానో ఏ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుందో, ఆ మాట రోజూ తన ఎదురుగానే లేచి నిలబడి, తన చేతుల మీదుగానే కూర్చుంది. ఆమె పెద్దమునియప్పకు అంతా విడమరచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, రెండు మూడు చోట్ల మళ్ళీ చెప్పించుకున్నాడు. చివరికి తల గోక్కున్నాడు.

"అంటే, మా పాప మొద్దు కాదంటారు."

"కాదు."

"మీరంటే ఏమి లెమ్మా, మీకు పాప మీద ప్రేమ. ఆ పై అదికారి వస్తా ఉండాడంటిరే, ఆయన అననీ. శుక్రవారం పంపిస్తా. ఆయన నోట వచ్చినాక చూద్దాము."

చూద్దాము అన్న మాటను భాగీరథమ్మ సరే అన్న మాటగానే పుచ్చుకుంది. ఆశ ఉన్నవాళ్ళు మాటల్ని అట్లాగే పుచ్చుకుంటారు.

*

బుధ, గురువారాలు ఆమె ఒకటే పనిగా పెట్టుకుంది. గుమ్మం వైపు ఒక కన్ను వేసి ఉంచి, మగ్గాల సందు పిల్లలకు వాళ్ళ మాటలోనే చెప్పింది. పుస్తకంలో హెచ్చు అని కనబడితే ఇంట్లో జాస్తి అన్నట్టు. కలపాలి. హెచ్చవేత కాదు. కొన్ని లెక్కలు ఇచ్చి రాయించింది, తప్పిన పలకలు మళ్ళీ గోడకు పెట్టించింది, ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఎట్లా చేశారో అడిగింది. గురువారం మధ్యాహ్నానికి నలభైలు మాయమయ్యాయి. హెచ్చు అంటే ఏమిటని అడిగితే చాలు, "జాస్తి, కలపాలి" అని గది అదిరిపోతోంది. అర్థమయిందా అంటే "ఆయ్తమ్మా". ఆ అరుపు ఆమెకు మొదటిసారి నిజమనిపించింది. ఇంటికి పోతూ దారిలో తనలో తనే నవ్వుకుంది కూడా. ఇన్‌స్పెక్టరుగారు ఏ లెక్క అడిగినా సరే అనుకుంది. రోగం కుదిరిందని వైద్యుడు మరీ తొందరపడకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

శుక్రవారం సొన్నమ్మ వచ్చింది. తలకు నూనె పెట్టి, బిగించి జడ వేసి, ఉతికిన పరికిణీతో చౌడమ్మ పంపించింది. ఆ రోజు కండెలు తనే చుట్టుకుంటానందట. పిల్ల కిటికీ పక్కన తన పాత చోట్లో కూర్చుని, పలకను ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ చూసింది. అక్కడ ఆ చోటు నిండడం చూసి భాగీరథమ్మకు కడుపు నిండినట్టయింది.

ఇన్‌స్పెక్టరు మైసూరు వైపువాడు. సరిగపంచె, తలపాగా, మెత్తటి కన్నడం, తెలుగు ఒక్క ముక్క రాదు. పద్యాలు చెప్పించుకుని, చేతిరాతలు చూసి, గోపాలప్ప తెప్పించిన కాఫీ తాగాడు. లెక్కలు అడగమంటారా సార్ అని గోపాలప్పే అందించాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరవకుండా తన సొంతంగా ఒకటి చెప్పాడు.

"రంగని దగ్గర ఎనిమిది మామిడిపండ్లు. లక్ష్మి దగ్గర దానికి మూడు పట్టు హెచ్చు. లక్ష్మి దగ్గర ఎన్ని?"

బలపాలు కిచకిచమన్నాయి. మూడు పట్టు అంటే కన్నడంలో మూడు రెట్లు. ఈ హెచ్చు కలిపే హెచ్చు కాదు. భాగీరథమ్మ ఆ సంగతి చెప్పనే లేదు. చూస్తూ ఉండగానే పలకలు ఒక్కొక్కటే లేచాయి. పదకొండు. పదకొండు. కన్నడ ఇళ్ళ పిల్లలు కొందరు మొదట వేరేగా రాసి, చుట్టూ చూసి, ఉమ్మేసి తుడిచి పదకొండు రాశారు. గోడ నుంచి కిటికీ దాకా అంతా పదకొండే. ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిచాడు.

సొన్నమ్మ పలక మీద ఏమీ లేదు. పిల్ల లేచి నిలబడింది. అందరూ కూర్చుని ఉండగా ఒక్కతే నిలబడింది.

"ఏం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సొన్నమ్మ భాగీరథమ్మ వైపు చూసింది. భాగీరథమ్మ తల ఊపిందో లేదో తనకే తెలియదు.

"సామీ," అంది సొన్నమ్మ తెలుగులో, "మామిడిపండ్లకు పట్టెందుకు?"

గోపాలప్ప మొహం సున్నం కొట్టినట్టయింది. ఇన్‌స్పెక్టరు ఆయన వైపు తిరిగి, పిల్ల ఏమంటోంది అన్నాడు. గడప లోపల తెలుగు వినబడకూడదని శాసించిన గోపాలప్పే గొంతు సవరించుకుని దుబాసీ పని చేయవలసి వచ్చింది. తెలుగులో పట్టు అంటే రేష్మె సార్, ఇది నేతగాళ్ళ పిల్ల, పండ్లకు రేష్మె ఎందుకని అడుగుతోంది అన్నాడు. అప్పుడు మగ్గాల సందు పిల్లలందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళందరికీ వినబడింది కూడా పట్టే. ఇస్కూలు మామిడిపండ్లు కదా, పట్టు కట్టినా కడతారు అనుకుని, దాన్ని అవతల పెట్టి, మూడూ ఎనిమిదీ కలిపేశారు.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. చేతి వేళ్ళు చూపిస్తూ, పట్టు అంటే ఇక్కడ అన్నిసార్లు అని అర్థం, మూడు పట్టు అంటే అంతకు అంత మూడుసార్లు అని చెప్పాడు. గోపాలప్ప తెలుగులో చెప్పబోయేలోపలే సొన్నమ్మ అందుకుంది.

"అంటే ఎచ్చవేతే గదా సామీ. ఇరవైనాలుగు."

పలక మీద రాసి పట్టుకుంది. ఏ మాట వల్ల తప్పిందో ఆ మాటే ఈసారి ఒప్పయింది. హెచ్చు అంటే కలపడమని రెండు రోజులు వల్లె వేయించిన పిల్లలంతా తప్పారు. ఆ పాఠానికి రాని పిల్ల ఒక్కతే గట్టెక్కింది.

పోయే ముందు ఇన్‌స్పెక్టరు గోపాలప్పతో రెండు మాటలు చెప్పాడు. టీచరు పిల్లలకు బట్టీ పట్టిస్తోంది, అర్థం చెప్పడం లేదు, జాగ్రత్త అన్నాడు. అది మొదటి మాట. ఆ నిలబడ్డ పిల్ల చురుకైనది, పై తరగతిలో కూర్చోబెట్టండి అన్నాడు. అది రెండోది. గోపాలప్ప మొదటిది చెప్పి ఆగితే, రెండోది చెప్పండి సార్ అని భాగీరథమ్మ తొందరపెట్టింది. మొదటి మాట ఆమెకు గుచ్చుకోకపోలేదు. అందులో అబద్ధం లేదని కూడా తెలుసు. కాని ఆ సాయంత్రం ఆమెకు రెండో మాటే చాలింది.

సొన్నమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"అమ్మా, సోమవారం నేను ఏ పక్క కూసోవాల?"

"గోడ పక్క. కెంపమ్మకు ముందు. ఆ చోటు నీదే" అంది భాగీరథమ్మ.

*

సోమవారం గోడ పక్క చోటు ఖాళీగా ఉంది. హాజరు పిలుస్తూ భాగీరథమ్మ సొన్నమ్మ పేరు దగ్గర ఆగి, వీధిలోకి చెవి పెట్టింది. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. జ్వరమేమో అనుకుంది. వాన కదా అనుకుంది. సాయంత్రం బడి వదలగానే గొడుగు కూడా మరిచిపోయి సందులోకి నడిచింది.

పెద్దమునియప్ప ఈసారి గుంటలో లేడు. ఆమెను చూస్తూనే ఎదురొచ్చి, కూర్చోబెట్టి, చౌడమ్మను పిలిచి బెల్లం పెట్టించాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"మీ రుణం తీర్చుకోలేమమ్మా. ఆ పై అదికారే అన్నాడంట గదా, మా పాపంత చురుకు ఆ ఇస్కూల్లోనే లేదని. సందంతా చెప్పుకుంటా ఉండారు."

"అన్నారప్పా. మరి పంపలేదేం ఇవాళ?"

పెద్దమునియప్ప మగ్గం వైపు చెయ్యి చూపాడు. గుంటలో సొన్నమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు కింద తొక్కే పావులకు అందక, పావుల మీద పీట ముక్కలు కట్టి ఉన్నాయి. రాట్నం దగ్గర ఇప్పుడు చౌడమ్మ కూర్చుంది.

"మొద్దుపిల్ల అని చెప్పినారని ఇన్నాళ్ళు కండెల కాడ కూసోబెడితిని. మొద్దుకు ఇంకేం నేర్పేది? నాకు మగపిల్లోళ్ళు లేరు. అంచు లెక్క, పూవు లెక్క, ఎన్ని పోగులు లేపాల, ఎన్ని దించాల, ఇదంతా ఎవురికి చెప్పేది అని నాకు దిగులుగా ఉండె. పొద్దున ఒక పూవు చూపిస్తిని. ఒక్కసారికే పట్టుకునె. ఇట్లాంటి పిల్లను ఇస్కూలుకు పంపి చెడగొట్టుకుంటానా అమ్మా? మీరు చెప్పబట్టి తెలిసె."

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. సంతోషంతో వచ్చిన నీళ్ళవి. భాగీరథమ్మ మాటలు వెతుక్కుంది. ఆడపిల్లకు మగ్గం ఎందుకందామా, తన చేతిపని నమ్మి కూతురి చేతిలో పెడుతున్న తండ్రితో ఎట్లా అంటుంది? చదువు ఎందుకు కావాలో చెబుదామా, చదువు ఆ పిల్లకు ఇంతవరకూ ఇచ్చింది మొద్దు అన్న పేరు ఒక్కటే. అయినా అడిగింది. ఒక్క పూటయినా పంపమంది. చూద్దామమ్మా అన్నాడు పెద్దమునియప్ప. ఈసారి ఆ మాట ఎంతవరకో ఆమెకు తెలిసింది.

లేచి గుమ్మం దాటుతూ ఉంటే మగ్గం చప్పుడు ఆగింది.

"అమ్మా," అంది సొన్నమ్మ గుంటలో నుంచే, "గోడ పక్క నా చోటు ఎవురికైనా ఇచ్చేస్తిరా?"

"లేదే."

"సరే" అంది పిల్ల. మళ్ళీ చప్పుడు మొదలయింది, తడబడుతూ.

సందులో వాన బాగానే పడుతోంది. ఇంటికి పోవాలంటే ఎడమకు తిరగాలి. భాగీరథమ్మ కుడికి తిరిగి, చాలా దూరం నడిచి, మార్కెట్టు దగ్గర మిలిటరీ లారీ హారన్ కొడితేగాని తెలివి తెచ్చుకోలేదు. ఆ పిల్లను మొద్దు కాదని చూపించాలనే తాపత్రయపడింది. చూపించింది. చూసినవాళ్ళు పట్టుకుపోయారు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు, ఏడవడానికి నడి బజారు.

మర్నాడు గోపాలప్ప హాజరుపట్టీ తీసుకుని వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. సంగతి ఆయన దాకా వచ్చినట్టుంది. కలం చేతికి ఇవ్వలేదు.

"ఉండనీమంటావా పేరు?" అన్నాడు. తెలుగులో అన్నాడు, గడప లోపల.

"ఉండనీండి సార్."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. భాగీరథమ్మ కొత్త పాఠం మొదలుపెట్టింది. పట్టు అంటే ఏమిటో, ఎక్కడ రేష్మెనో, ఎక్కడ రెట్లో, హెచ్చు ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ గుణిస్తుందో. బోర్డు మీద రెండు లెక్కలు పక్కపక్కన రాసింది. చెబుతూ ఉంటే చూపు పాత అలవాటున కిటికీ వైపు పోయింది, తర్వాత కొత్త అలవాటున గోడ వైపు. రెండు చోట్లా ఖాళీయే.

"అర్థమయిందా?" అంది.

"ఆయ్తమ్మా" అన్నారు పిల్లలు.

ఆ అరుపు ఇంకా పూర్తిగా అణగక ముందే వెనక వరసలో ఎవరో లేచారు. కెంపమ్మ. పలక గుండెలకు హత్తుకుని, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చోబోయి, కూర్చోకుండా ఆగింది.

"నాకు కాలేదమ్మా" అంది.

ఎన్నేళ్ళుగానో భాగీరథమ్మ వినాలనుకున్న మాట అది, ఇదే గదిలో, ఇట్లాగే. అయితే ఆ మాట వేరే గొంతుతో వస్తుందని ఆమె అనుకుంది. ఆ గొంతు ఇప్పుడు ఇదే సందు లోపల పోగులు లెక్కపెట్టుకుంటోంది. కళ్ళు తుడుచుకోవడానికి ఆమె బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి, కెంపమ్మ ముందరి ఖాళీ చోట్లో, సొన్నమ్మ చోట్లో, కింద కూర్చుంది.

"యాడ కాలేదో చెప్పమ్మా" అంది.